జర్మనీలో ఆంగ్లికన్ సంఘంలో చేరబోయే సి.ఎస్.ఐ. వారికి: డబ్బు ఎవరిది, సంతకం ఎవరిది

జర్మనీకి వచ్చిన రెండో వారంలో చిరునామా నమోదు చేయించుకోవడానికి నగర కార్యాలయానికి వెళ్లాను. ఫారంలో ‘మతం’ అని ఒక గడి ఉంది. నంద్యాలలో పుట్టి పెరిగిన సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) మనిషిని, రోమన్ కాథలిక్కును కాను, అయితే ఇదే కాబోలు అనుకుని ‘ఎవాంగెలిష్’ (జర్మన్‌లో ప్రొటెస్టెంట్) అని రాసేశాను. నెలాఖరున జీతం కాగితం చేతికి వచ్చాక గాని అసలు సంగతి తెలియలేదు. ఆదాయపు పన్ను ఎంత పడిందో దానిలో 9 శాతం చర్చి పన్ను కింద పట్టుకున్నారు. బవేరియాలోను, బాడెన్ వుర్టెంబర్గ్‌లోను అయితే 8 శాతమట. ఆ డబ్బు వెళ్లేది జర్మన్ ప్రొటెస్టెంట్ల ప్రాంతీయ చర్చికి. నేను ఆదివారం వెళ్లి కూర్చునే, ఇంగ్లండ్ చర్చి సంప్రదాయపు ఆంగ్లికన్ సంఘానికి దానిలో పైసా రాదు.

కాబట్టి మొదటి సలహా ఇదే. ఆ గడిలో ఏం రాస్తున్నారో తెలుసుకుని రాయండి. ఆంగ్లికన్ సంఘాలు ఇక్కడ చర్చి పన్ను వసూలు చేయవు. ఒకసారి రాశాక బయటపడాలంటే, మీరున్న రాష్ట్రాన్ని బట్టి కోర్టుకో రిజిస్ట్రార్ కార్యాలయానికో స్వయంగా వెళ్లి సభ్యత్వం వదులుకుంటున్నానని సంతకం పెట్టాలి. జర్మన్ చర్చికి కావాలనే ఇచ్చేవారి సంగతి వేరు, అది మంచి పనే. తెలియక ఇవ్వడం గురించే నా బాధ.

వృత్తిరీత్యా నాది జమాఖర్చుల పని. అందుకే సంఘంలో కోశాధికారి పదవి నా నెత్తిన పడింది, ఆ తరువాత చర్చి వార్డెన్‌ను, అంటే సంఘం ఎన్నుకునే పెద్దను, కూడా అయ్యాను. ఏ సంఘాన్నైనా అర్థం చేసుకోవాలంటే ప్రసంగాలు వింటే చాలదు. జీతం ఎవరు ఇస్తున్నారో, కాగితం మీద సంతకం ఎవరు పెడుతున్నారో చూడాలి.

బోర్డు మీద ఎవరి పేరు ఉంది?

యూరప్‌లో ఇంగ్లీషు ఆరాధన జరిపే ఆంగ్లికన్ సంఘాలన్నీ ఒకే గూటివి కావు. కొన్ని చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌వి, కొన్ని అమెరికన్ ఎపిస్కోపల్ చర్చివి. బెర్లిన్, హాంబర్గ్, కొలోన్ సంఘాలు ఇంగ్లండ్ వైపు. ఫ్రాంక్‌ఫర్ట్, మ్యూనిక్ సంఘాలు అమెరికా వైపు. పారిస్‌లో, రోమ్‌లో రెండూ ఉన్నాయి. రెండూ ఆంగ్లికన్ కుటుంబంలోవే, ఒకరి బల్ల దగ్గర మరొకరు ప్రభు భోజనం తీసుకోవచ్చు. అయినా పరిపాలన పూర్తిగా వేరు. ఇంగ్లండ్ వైపు గురువును చాప్లిన్ అంటారు, కమిటీని చాప్లిన్సీ కౌన్సిల్ అంటారు. అమెరికా వైపు గురువు రెక్టర్, కమిటీ వెస్ట్రీ. గుర్తుపట్టడానికి సులువైన మార్గం ఒకటుంది. విజ్ఞాపన ప్రార్థనల్లో ఏ బిషప్ పేరు చదువుతున్నారో వినండి. ఆ బిషప్ గారే అక్కడ పై అధికారి.

ఇక్కడి నుంచి నేను చెప్పేది ఇంగ్లండ్ వైపు గురించి. నాకు తెలిసింది అదే.

ఈ ఏర్పాటు నిన్న మొన్నటిది కాదు. వ్యాపారం కోసం హాంబర్గ్, డెల్ఫ్ట్ వంటి ఊళ్లలో దిగిన ఇంగ్లీషు వర్తకులు తమతో పాటు గురువులను కూడా తెచ్చుకున్నారు. అంత దూరాన వారిని ఎవరు అదుపులో పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. 1633లో ఆ బాధ్యతను లండన్ బిషప్‌కు అప్పగించారు. మధ్యధరా తీరంలోని సంఘాల కోసం 1842లో జిబ్రాల్టర్ అధ్యక్ష మండలం (డయోసిస్) ఏర్పడింది. ఉత్తర ఐరోపా మాత్రం లండన్ కిందే ఉండిపోయింది. 1980లో రెండింటినీ కలిపి యూరప్ అధ్యక్ష మండలం చేశారు. బిషప్ పీఠం ఉండే కెథడ్రల్ ఇప్పటికీ జిబ్రాల్టర్‌లోనే ఉంది. మాల్టాలోని వాలెటాలో ఒకటి, బ్రస్సెల్స్‌లో ఒకటి ఉప కెథడ్రళ్లు. మండలం ఎల్లలు ఒకవైపు మొరాకో, మరోవైపు రష్యా, టర్కీ. నంద్యాల అధ్యక్ష మండలాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు బస్సులో పగటిపూటే చుట్టేయవచ్చు. ఇక్కడ బిషప్ గారు కన్ఫర్మేషన్‌కు, అంటే బాప్తిస్మం పొందినవారిని చేతులుంచి విశ్వాసంలో స్థిరపరచడానికి, రావాలంటే విమానం ఎక్కాలి. అందుకే మీ పిల్లలకు కన్ఫర్మేషన్ అనుకుంటే ఏడాది ముందే చాప్లిన్ చెవిన వేయండి.

దూరాన ఉన్న బిషప్ అంటే నంద్యాల వారికి కొత్తేమీ కాదు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో సి.ఎస్.ఐ. ఏర్పడినప్పుడు మా ప్రాంతపు ఆంగ్లికన్ సంఘాలు చాలావరకు దానిలో చేరకుండా ఉండిపోయాయి. కొంతకాలం మా పై అధికారి కలకత్తాలోని మెట్రోపాలిటన్, అంటే మిగతా బిషప్‌ల మీద పెద్ద బిషప్. మేము సి.ఎస్.ఐ.లోకి వచ్చింది 1975లోనే. ‘బిషప్ దూరంగా ఉంటే సంఘ పెద్దలు గట్టిగా ఉండాలి’ అని మా నాన్నగారు అంటుండేవారు. వార్డెన్ అయ్యాక గాని ఆ మాట బరువు నాకు తెలియలేదు.

అయ్యగారికి జీతం ఎవరిస్తారు?

మన దగ్గర సంఘాలు డయోసిస్‌కు డబ్బు కడతాయి, డయోసిస్ అయ్యగారికి జీతం ఇస్తుంది, కొన్నేళ్లకు బదిలీ చేస్తుంది. నచ్చకపోతే బిషప్ గారికి అర్జీ వెళుతుంది. ఆ అలవాటును విమానాశ్రయంలోనే వదిలి రండి. ఇక్కడ చాప్లిన్ జీతం, ఇంటి అద్దె, ఆరోగ్య బీమా, పింఛను, అన్నీ ఆ ఒక్క సంఘమే భరించాలి. అది కాక అధ్యక్ష మండలపు ఉమ్మడి నిధికి ఏటా మన వాటా కట్టాలి. లండన్ నుంచి డబ్బు వస్తుందని చాలామంది అనుకుంటారు, మొదట్లో నేనూ అనుకున్నాను. మా ఖాతా పుస్తకంలో అటువంటి జమ ఒక్కటీ కనిపించలేదు.

జీతం మనదైనా లైసెన్సు బిషప్‌ది. చాప్లిన్‌ను తీసేసే అధికారం కౌన్సిల్‌కు లేదు. కౌన్సిల్ ఆమోదం లేకుండా సంఘం డబ్బు ఖర్చుపెట్టే అధికారం చాప్లిన్‌కు లేదు. ఇద్దరి మధ్య ఇద్దరు వార్డెన్లు ఉంటారు, వారిని సంఘం ఏటా ఎన్నుకుంటుంది. సంఘానికీ బిషప్‌కూ మధ్య ఆర్చ్‌డీకన్ ఉంటారు. జర్మనీకి, ఉత్తర ఐరోపాకు కలిపి ఒక ఆర్చ్‌డీకన్. చాప్లిన్ వెళ్లిపోయినప్పుడు, గొడవ వచ్చినప్పుడు, లెక్కల్లో తేడా కనిపించినప్పుడు వార్డెన్లు ముందుగా ఫోను చేసేది వారికే. ఎకాఎకి బిషప్ గారికి రాస్తే ఆ ఉత్తరం తిరిగి ఆర్చ్‌డీకన్ దగ్గరికే వస్తుంది, పైగా మూడు వారాలు ఆలస్యంగా.

ఇదంతా ఇంగ్లండ్ చర్చి కళ్లలో. జర్మన్ ప్రభుత్వం కళ్లలో మా సంఘం ఒక రిజిస్టరు చేసిన సొసైటీ, ఆ ఊరి చెస్ క్లబ్బు లాగే. ఇక్కడ అటువంటి సొసైటీ నమోదు చేయాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. పాలకవర్గం మారిన ప్రతిసారీ నోటరీ దగ్గర సంతకాలు పెట్టి కోర్టు రిజిస్టరులో మార్పించాలి. నన్ను కోశాధికారిగా ఎన్నుకున్నప్పుడు అందరూ చప్పట్లు కొట్టారు. మర్నాడు బ్యాంకుకు వెళితే కౌంటర్ దగ్గరి అమ్మాయి నవ్వుతూనే రిజిస్టరు నకలు అడిగింది. దానిలో ఇంకా పాత కోశాధికారి పేరే ఉంది. ఆయనేమో అప్పటికే సింగపూర్ వెళ్లిపోయారు. రెండు నెలల పాటు హాలు అద్దె మా వార్డెన్ సొంత జేబులోంచి కట్టారు. మీరు ఎప్పుడైనా కౌన్సిల్‌లోకి ఎన్నికైతే, టీ తాగక ముందే మినిట్స్ మీద సంతకాలు పూర్తయ్యాయో లేదో చూడండి.

ఓటు ఎలా వస్తుంది?

మన దగ్గర చందా బకాయి ఉంటే ఓటర్ల జాబితాలో పేరు ఉండదు. ఇక్కడ ఎలక్టోరల్ రోల్ అనే పట్టిక ఉంటుంది, దానికి రుసుము లేదు. బాప్తిస్మం పొంది ఉండాలి, 16 ఏళ్లు నిండి ఉండాలి, ఆ సంఘానికి క్రమంగా వస్తూ ఉండాలి. సి.ఎస్.ఐ. ఆంగ్లికన్ కమ్యూనియన్‌లో ఉన్న చర్చి కాబట్టి మళ్లీ బాప్తిస్మం, మళ్లీ కన్ఫర్మేషన్ అన్న మాటే రాదు. ఒక పేజీ ఫారం నింపి ఇస్తే చాలు. ఇంటి నుంచి బాప్తిస్మ సర్టిఫికెట్టు, అయ్యగారి ఉత్తరం తెచ్చుకుంటే మంచిది. రోల్ కోసం కాకపోయినా పెళ్లిళ్లకు, పిల్లల బాప్తిస్మానికి అక్కరకు వస్తాయి.

ఒక చిక్కు మాత్రం ఉంది. మే నెలాఖరులోగా జరగవలసిన వార్షిక సమావేశానికి కొన్ని వారాల ముందే ఆ పట్టిక మూసేస్తారు. మొదటి ఏడాది నాకది తెలియదు. వార్డెన్ ఎన్నికలో ఉత్సాహంగా చెయ్యెత్తాను. పట్టిక చూసే పెద్దావిడ నా పక్కకు వచ్చి, చెవిలో ఏదో ప్రార్థన చెబుతున్నంత మెల్లగా ‘మీ పేరు లేదమ్మా’ అంది. చెయ్యి దించేశాను. క్రిస్మస్ అయిన వెంటనే ఫారం ఇచ్చేయండి.

సండే స్కూలులో చెప్పాలనుకుంటే ఎలక్టోరల్ రోల్ చాలదు. పిల్లలతో పనిచేసే ఎవరికైనా పిల్లల రక్షణ శిక్షణ, పోలీసు ధ్రువపత్రం ఉండాలి. ‘నంద్యాలలో ఇరవై ఏళ్లు చెప్పాను, నన్ను అనుమానిస్తున్నారా’ అని మా అత్తగారు నొచ్చుకున్నారు. అనుమానం కాదు అత్తయ్యా, చాప్లిన్‌కు కూడా అదే నియమం అని చెప్పాక ఆన్‌లైన్ శిక్షణకు నాతో పాటు కూర్చున్నారు.

మన అయ్యగారు వస్తే

ఎక్కువ మనస్పర్థలు వచ్చేది ఇక్కడే. ఊరి నుంచి బంధువైన ప్రెస్బిటర్ (అభిషేకం పొందిన గురువు) గారు వస్తారు, ఆదివారం ప్రభు భోజనం ఇప్పిద్దాం అంటారు. సి.ఎస్.ఐ. అభిషేకాన్ని ఎవరూ కాదనరు. కానీ విదేశాల్లో అభిషేకం పొందిన గురువులు చర్చ్ ఆఫ్ ఇంగ్లండ్‌లో సేవ చేయడానికి అనుమతి పొందాలని 1967 నాటి చట్టం ఒకటుంది. శనివారం రాత్రి చాప్లిన్‌కు ఫోను చేసి అడిగితే ఆయన ‘కాదు’ అనక తప్పదు, మనవాళ్లకు అది అవమానంలా తోస్తుంది. టికెట్ కొన్న రోజే అడగండి. ఏ కాగితాలు కావాలో ఆయనే ఆర్చ్‌డీకన్‌ను కనుక్కుంటారు.

తెలుగు ఆరాధన కావాలన్నా వరుస ఇంతే. ముందు చాప్లిన్, తరువాత కౌన్సిల్, ఆపైన భవనం సొంతదారులు. మాది అద్దె భవనం, లూథరన్ సంఘానిది. మా తెలుగు క్రిస్మస్ కూటానికి వారు పెట్టిన షరతులు రెండే. రాత్రి తొమ్మిదికల్లా తాళం పడాలి, వంట లోపల చేయకూడదు. బిర్యానీ ఇళ్లలో వండుకుని గిన్నెలతో ట్రాములో తెచ్చాం. మరుసటి ఏడాది వారి సంఘ పెద్ద తనే ఫోను చేసి తేదీ అడిగారు, తన గిన్నె తనే తెచ్చుకుంటానని కూడా అన్నారు.

చాప్లిన్ లేని నెలల గురించి ఒక మాట. ఒకరు వెళ్లాక ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూలు జరిపి, కొత్తవారికి బిషప్ లైసెన్సు ఇచ్చే సరికి ఏడాది పట్టవచ్చు. ఆ మధ్య ఇంగ్లండ్ నుంచి విశ్రాంత గురువులు ఒకరి తరువాత ఒకరు వచ్చి ఆరాధన నడుపుతారు. బ్రెగ్జిట్ తరువాత బ్రిటిష్ పాస్‌పోర్టుతో వీసా లేకుండా వచ్చేవారు 180 రోజుల్లో 90 రోజులకు మించి ఉండలేరు. మా దగ్గరికి వచ్చిన ఒక పెద్దాయన కోసం నేను గోడ క్యాలెండరు మీద ఎర్ర పెన్నుతో రోజులు లెక్కపెట్టేదాన్ని. 88వ రోజు ఆయన ఆరాధన ముగించి, సూట్‌కేసు గురువు అంగీలు మార్చుకునే గదిలోంచే తీసుకుని, తాళంచెవి నా చేతిలో పెట్టి నేరుగా స్టేషనుకు వెళ్లారు. ఆ రోజు కానుకలు లెక్కపెట్టడానికి రెండో సంతకం ఎవరిది అని వెతుక్కుంటే, ముందు వారమే రోల్‌లో పేరు రాయించుకున్న గుంటూరు కుర్రవాడు తప్ప ఎవరూ మిగల్లేదు. అతనికే పెన్ను ఇచ్చాను.