స్కూలు పిల్లల చేత ఈ-సిగరెట్ ఎలా మాన్పించాలి

పిల్లల బ్యాగులో వేప్ (ఈ-సిగరెట్) దొరికిన రోజు పెద్దవాళ్లు దాన్ని లాక్కుని, నాలుగు తిట్టి, మళ్లీ ముట్టనని ఒట్టు వేయించుకుని, అక్కడితో అయిపోయిందనుకుంటారు. వారం తిరగకుండానే మరొకటి వస్తుంది. ఈసారి ఇంకా పకడ్బందీగా దాస్తారు. ఎందుకంటే లాక్కున్నది పరికరాన్ని మాత్రమే, నికోటిన్‌కు అలవాటు పడిన మెదడు అలాగే ఉంది. మెదడు ఎదుగుదల దాదాపు 25 ఏళ్ల దాకా సాగుతుంది కాబట్టి ఆ వయసులో అలవాటు పెద్దవాళ్లకన్నా త్వరగా పాతుకుంటుంది. ఇది కనీసం నాలుగు వారాల పని అనుకుని మొదలుపెట్టండి.

ముందు ఆ వస్తువేమిటో చూడండి

పెన్‌డ్రైవ్‌లా, లావుపాటి స్కెచ్ పెన్నులా, అరచేతిలో ఇమిడే రంగుల డబ్బీలా ఉంటుంది. ఒక చివర నోటితో పీల్చే సన్నటి రంధ్రం, చాలావాటికి మరో చివర చార్జింగ్ పెట్టే చోటు ఉంటాయి. లోపల ముఖ్యంగా ఉండేవి లిథియం బ్యాటరీ, కాయిల్ అనే సన్నటి తీగచుట్ట, దాన్ని తడిపి ఉంచే దూది, ద్రవం. పీల్చగానే కాయిల్ వేడెక్కి ద్రవాన్ని సన్నటి తుంపరగా మారుస్తుంది. అది నీటి ఆవిరి కాదు. అందులో ప్రొపిలీన్ గ్లైకాల్, గ్లిజరిన్, నికోటిన్, రుచి కోసం కలిపిన రసాయనాలు, కాయిల్ నుంచి ఊడిన నికెల్, క్రోమియం లాంటి లోహాల రేణువులు కూడా ఉండవచ్చు. ద్రవం అయిపోవచ్చి దూది ఎండితే కాయిల్ మితిమీరి వేడెక్కి ఫార్మాల్డిహైడ్ ఎక్కువగా పుడుతుంది. గొంతులో మాడు రుచి తగిలిందని పిల్లలు చెప్పేది చాలావరకు ఇదే.

తర్వాత లేబుల్ మీద అంకెలు చదవండి. ద్రవం ఎన్ని మిల్లీలీటర్లో, ఒక్కో మిల్లీలీటరులో నికోటిన్ ఎన్ని మిల్లీగ్రాములో రెండూ గుణించండి. 5 శాతం అని రాసి ఉంటే మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు. 2 మిల్లీలీటర్ల పాడ్ (ద్రవం నింపిన, మార్చుకునే చిన్న డబ్బీ) అయితే 100 మిల్లీగ్రాములు, 10 మిల్లీలీటర్ల డిస్పోజబుల్ (అయిపోయాక పారేసే పరికరం) అయితే 500. ఒక మామూలు సిగరెట్ నుంచి ఒంటికి ఎక్కేది 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు. పాడ్‌లో ఉన్నదంతా ఒంటికి ఎక్కదు, అయినా ఎంత తేడానో తెలుస్తుంది. ఇంత బలమైనది పిల్లల గొంతు ఎలా తట్టుకుంటుందంటే, కారణం నికోటిన్ సాల్ట్. బెంజోయిక్ ఆమ్లం లాంటిది కలపడంతో ఘాటు తగ్గి, పొగ తాగడం తెలియని పిల్లలు కూడా దగ్గకుండా పీల్చగలుగుతారు. ‘నికోటిన్ లేదు’ అని రాసి ఉన్నా నమ్మకండి. అలాంటి వాటిని పరీక్షించినప్పుడు నికోటిన్ బయటపడిన సందర్భాలున్నాయి.

పరికరాన్ని పగలగొట్టవద్దు, కాల్చవద్దు, చెత్తబుట్టలో వేయవద్దు. బ్యాటరీ నలిగితే నిప్పు అంటుకుంటుంది. ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ద్రవం చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది, చేతికి తగిలితే వెంటనే కడుక్కోండి. ఇంట్లో చంటిపిల్లలు కొద్దిగా మింగినా ప్రమాదమే. వాంతి చేయించే ప్రయత్నం చేయకుండా, ఆ సీసాతో సహా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

మొదటి మాట

కోపం మీద ఉన్నప్పుడు మాట్లాడకండి. ఒక రాత్రి గడవనివ్వండి. తోబుట్టువుల ముందు, తరగతి ముందు అసలు వద్దు. కూర్చోబెట్టి సూటిగా చెప్పండి: “నీ బ్యాగులో ఇది కనబడింది. తిట్టడానికి పిలవలేదు. ఎప్పటినుంచి? రోజుకు ఎన్నిసార్లు? పొద్దున లేచాక మొదటిసారి ఎప్పుడు?” తర్వాత మీరు మౌనంగా ఉండండి. ఎక్కువ మంది పెద్దలు ఈ మౌనం దగ్గరే ఓడిపోతారు. పది సెకన్లు కూడా ఆగకుండా ఉపన్యాసం మొదలుపెడితే పిల్లలు నోరు విప్పరు. “ఎవరిచ్చారు?” అని మొదటే అడగడం మరో పొరపాటు. స్నేహితుడిని పట్టించమన్నట్టు వినబడి, ఆపైన చెప్పేవన్నీ అబద్ధాలవుతాయి.

ఆ మూడు ప్రశ్నల్లో చివరిది అన్నిటికన్నా విలువైనది. లేచిన అరగంటలోపు కావాలంటే అలవాటు గట్టిగా పడిందని అర్థం. అయిదు నిమిషాల్లోపే అంటే ఇంకా గట్టిది. తరగతి మధ్యలో నిలవలేక బాత్రూమ్‌కు పోవడం, మానాలని ప్రయత్నించి మానలేకపోవడం, అది దగ్గర లేకపోతే చిరాకు రావడం, వీటిలో ఒక్కటున్నా పట్టుదల ఉంటే చాలు అనకండి. నోరు ఎండటం, ముక్కు నుంచి రక్తం, దగ్గు, తినుబండారం లేకుండా తీపి వాసన అనుమానానికి పనికొస్తాయి గాని రుజువు కావు.

మానే తేదీ, ఆ తర్వాతి మూడు రోజులు

రెండు వారాల లోపు ఒక తేదీ పిల్లల చేతే పెట్టించండి. పరీక్షల వారం వద్దు. సెలవు రోజుల ముందు రోజైతే మంచిది. అప్పటిదాకా ఒక కాగితం మీద ఏ వేళ, ఎవరితో, ఏ మూడ్‌లో పీల్చారో రాయించండి. మూడు నాలుగు రోజుల్లోనే రెండో మూడో గట్టి వేళలు తేలతాయి: స్కూలు అయిపోగానే, రాత్రి ఫోన్ చూస్తూ, ఎవరైనా ఏదైనా అన్నప్పుడు. ప్రతిదానికీ బదులు పని ముందే ఖాయం చేయండి. కేవలం బలం తగ్గించిన ద్రవానికి మారితే సరిపోతుందనుకుంటే, తెలియకుండానే ఎక్కువసార్లు పీల్చి లెక్క సమం చేసుకుంటారు.

తేదీ ముందు రాత్రి పరికరాలు, పాడ్‌లు, చార్జర్లు, దాచిన పాతవి అన్నీ పిల్లలే తెచ్చి ఇవ్వాలి. ‘ఎందుకైనా మంచిది’ అని ఒకటి మిగిలితే రెండో రోజు అదే బయటికొస్తుంది.

నికోటిన్ ఆగిన కొన్ని గంటల్లోనే చిరాకు, తలనొప్పి, ఆకలి, నిద్ర పట్టకపోవడం, చదువు మీద మనసు నిలవకపోవడం మొదలవుతాయి. రెండో, మూడో రోజు పరాకాష్ఠ. తర్వాత మూడు నాలుగు వారాల్లో నెమ్మదిగా సద్దుమణుగుతాయి. ఈ లెక్క పిల్లలకు ముందే చెప్పండి, లేకపోతే ‘ఇక జీవితమంతా ఇలాగే ఉంటుంది’ అని భయపడి వదిలేస్తారు. ఆ మూడు రోజులు వాళ్ల విసుగుకు మీరు ఎదురు విసుక్కోకండి, మార్కుల ప్రస్తావన తేకండి.

పీల్చాలనే తపన ఒక్కోసారి అయిదు పది నిమిషాలే గట్టిగా ఉంటుంది. గడియారం చూసి పది నిమిషాలు వాయిదా వేయడం, గ్లాసు చల్లటి నీళ్లు చిన్న గుక్కల్లో తాగడం, చక్కెర లేని చూయింగ్ గమ్, ఉన్న చోటు నుంచి లేచి వేరే గదికి పోవడం. చేతికీ నోటికీ పని ఉండాలి, అలవాటులో సగం ఆ కదలికే.

డాక్టరు ఎప్పుడు

లేచిన అరగంటలోపే పీల్చేవాళ్లనూ, ఇదివరకు ప్రయత్నించి విఫలమైనవాళ్లనూ మొదట్లోనే చూపించండి. నికోటిన్ ప్యాచ్, గమ్ లాంటివి 18 ఏళ్లలోపు వాళ్లకు మీ అంతట మీరు కొనివ్వకండి. మోతాదు డాక్టరే చెప్పాలి. ఆయాసం, ఛాతీ నొప్పి, జ్వరంతో దగ్గు, వాంతులు ఉంటే అదే రోజు వెళ్లి ఏం పీల్చారో దాచకుండా చెప్పాలి. 2019లో అమెరికాలో వేపింగ్ వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిన్న కేసులు ఒక్కసారిగా పెరిగాయి. 2020 ఫిబ్రవరి నాటికి 2,800 మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు, 68 మంది చనిపోయారు. చాలావాటిలో గంజాయి సారం ఉన్న ద్రవాలు, వాటిలో కలిపిన విటమిన్ ఇ అసిటేట్ కారణంగా తేలాయి. మనసు బాగా కుంగిందనిపించినా, చనిపోవాలన్న మాట వచ్చినా ఆలస్యం చేయకండి.

స్కూల్లో

పట్టుబడిన విద్యార్థిని పది రోజులు ఇంటికి పంపితే, ఎవరూ చూడని చోట పది రోజులు పీల్చుకునే వీలు ఇచ్చినట్టే. పరికరం తీసుకుని, తల్లిదండ్రులకు విడిగా చెప్పి, ఒకే టీచరుకు బాధ్యత అప్పగించి వారానికోసారి పావుగంట మాట్లాడించండి. మానేసిన మొదటి వారం నీళ్ల సీసా, చూయింగ్ గమ్ అనుమతించండి.

ఒకసారి జారి మళ్లీ పీల్చడం మామూలే. అప్పుడు శిక్ష పెంచకుండా ఆ పాత కాగితం తీసి, ఏ వేళ, ఎవరితో జారారో చూసి ఆ ఒక్క వేళకే బదులు పని మార్చండి. మానే తేదీ మళ్లీ మొదటి నుంచి పెట్టకుండా అదే రోజు కొనసాగించండి. నెలకోసారి, మూడు నెలల దాకా, “ఎలా ఉంది?” అని అడగడం మానకండి. ఈ మధ్యలో సిగరెట్‌కో, పెదవి కింద పెట్టుకునే నికోటిన్ పౌచ్‌లకో మారారేమో కూడా నేరుగా అడగండి.