ట్యూబ్‌ని లాగే తాడు: ఏది కొనాలి, ఎలా చూసుకోవాలి

సమ్మర్‌లో లాంగ్ వీకెండ్ వచ్చిందంటే డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్లు లూయిస్‌విల్ లేక్‌కో టెక్సోమాకో వెళ్లి, బోటు అద్దెకు తీసుకుని, వెనక గాలి నింపిన ట్యూబ్ కట్టి దాని మీద పిల్లల్ని తిప్పడం మామూలే. లైఫ్ జాకెట్ల గురించి పది ప్రశ్నలు అడుగుతారు కానీ తాడు దగ్గరికొచ్చేసరికి గ్యారేజీలో ఏది దొరికితే అది పట్టుకొస్తారు.

ముందు ఇది తెలుసుకోండి, వాటర్ స్కీ తాడు వేరు, ట్యూబ్ తాడు వేరు. స్కీ తాడు హ్యాండిల్‌తో కలిపి మామూలుగా 75 అడుగులుంటుంది, ఒక్క మనిషిని లాగడానికి చేసింది. వేక్‌బోర్డ్ (బోటు వెనక నిలబడి జారే పలక) తాడు సాగకూడదు కాబట్టి డైనీమా లాంటి ఖరీదైన పీచుతో చేస్తారు. ముగ్గురు కూర్చున్న ట్యూబ్ నీళ్లలో సగం కూరుకుపోయి ఉంటుంది, దాన్ని కదిలించే లాగుడు ముందు ఆ తాళ్లు ఆగవు.

అమెరికాలో వాటర్ స్పోర్ట్స్ ఇండస్ట్రీ అసోసియేషన్ చెప్పే లెక్క ఇదీ: ఒక్కరి ట్యూబ్‌కి కనీసం 1,500 పౌండ్లు తట్టుకునే తాడు, ఇద్దరికి 2,375, ముగ్గురికి 3,350, నలుగురికి 4,100. ఈ అంకె ప్యాకెట్ మీదే ఉంటుంది, లేకపోతే ఆ తాడు కొనకండి. ఇద్దరే కదా అని ఇద్దరి తాడు తెస్తే మధ్యాహ్నానికి బావగారు కూడా ఎక్కేస్తారు, అందుకని ఒక మెట్టు పైదే తీసుకోండి, తేడా కొద్ది డాలర్లే. పొడవు 50 నుంచి 65 అడుగుల మధ్య ఉండాలి. పొట్టిదైతే ట్యూబ్ బోటుకి మరీ దగ్గరగా వస్తుంది, మరీ పొడుగుదైతే మలుపులో చాలా దూరం విసురుగా వెళ్లి ఒడ్డుకో పక్క బోటుకో తగులుతుంది.

హార్డ్‌వేర్ షాపు నైలాన్ తాడు మాత్రం వద్దు. అది నీళ్లలో మునుగుతుంది, మునిగిన తాడు ప్రొపెల్లర్‌కి చుట్టుకుంటుంది. పైగా బాగా సాగుతుంది, సాగి తెగితే వడిసెల రాయిలా బోటులో ఉన్నవాళ్ల మీదికే వస్తుంది. పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్ పీచు తాడు తేలుతుంది, అదే కావాలి.

తాడు పొట్టిగా ఉందని ముడేసి మరో ముక్క కలపొద్దు, ముడి పడిన చోట బలం సగం దాకా పోవచ్చు. బయల్దేరేటప్పుడు తాడు బిగుసుకునేదాకా నిదానంగా పోనివ్వండి, ఒక్కసారిగా థ్రాటిల్ తోస్తే ఆ కుదుపు తాడుకీ ట్యూబ్ కొక్కేనికీ కూడా దెబ్బే.

ఇక తాడుకి అసలు శత్రువు ఎండ. ఆట అయ్యాక డెక్ మీద వదిలెయ్యకుండా మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరేసి, వదులుగా చుట్టి సంచిలో పెట్టండి, పెట్రోలు డబ్బా పక్కన మాత్రం కాదు.

సీజన్ మొదట్లో తాడుని ఈ చివర నుంచి ఆ చివరదాకా వేళ్ల మధ్య నొక్కుతూ పోనివ్వండి. గరుకుగా పీచు లేచి ఉన్నా, ఒకచోట సన్నబడినా, రంగు వెలిసి పెళుసుగా తగిలినా, బొటనవేలితో రుద్దితే పొడి రాలినా దాని పనైపోయినట్టే. చివర్లలో ఉండే ఉచ్చుల దగ్గర ఇంకోసారి చూడండి, రాపిడంతా అక్కడే. పడేసేటప్పుడు రెండు మూడు ముక్కలు కోసి పడేయండి, బాగానే ఉందనుకుని ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ బోటెక్కిస్తారు.