ఇద్దరు, రెండు సంచులు, ఫిజీ దీవులు: శ్రీకాకుళం, విజయనగరాల నుంచి బయలుదేరే దంపతులకు

పసిఫిక్ దీవులు చూడాలనుకునే దంపతులు సాధారణంగా పటం ముందు వేసుకుని ఫిజీ, సమోవా, టోంగా, వనువాటు అని నాలుగు పేర్లు వరుసగా రాసుకుంటారు. ఆ కాగితం మీద మూడు పేర్లు కొట్టివేయడంతోనే ఏర్పాట్లు మొదలుపెట్టమని నా సలహా. పటంలో పక్కపక్కనే కనిపించే ఆ దేశాల మధ్య వందల మైళ్ల సముద్రం ఉంది, వాటి మధ్య విమానాలు తక్కువ, ఉన్నవాటి టికెట్లు బస ఖర్చును సులువుగా మించిపోతాయి. ఫిజీ ఒక్కటే మూడు వందలకు పైగా దీవులున్న దేశం; అందులో జనావాసం ఉన్నవి వందకు కొంచెం ఎక్కువ. రెండున్నర వారాల సెలవు దొరికిన ఇద్దరికి వాటిలో ప్రధాన దీవి వీతి లేవు, దానికి తోడు ఒక చిన్న దీవుల వరుస సరిపోతాయి.

భారత పాస్‌పోర్టు ఉన్న పర్యాటకులను ఫిజీ ముందుగా వీసా అడగకుండానే నాలుగు నెలల వరకు ఉండనిస్తుంది. అయినా బయలుదేరే ముందు ఆ దేశపు ఇమిగ్రేషన్ శాఖ వెబ్‌సైటులో నిబంధన మారలేదని చూసుకుని, తిరుగు టికెట్టు, బస ఏర్పాటు, చేతిలో డబ్బు ఉందనే ఆధారం సిద్ధంగా ఉంచుకోవాలి. చిక్కంతా దారిలోనే ఉంది. చౌకగా దొరికిందని ఆస్ట్రేలియా లేదా న్యూజిలాండ్ మీదుగా టికెట్టు కొంటే, విమానం మారడానికి కూడా మనవాళ్లకు ట్రాన్సిట్ వీసా కావాలి. విశాఖపట్నం నుంచి సింగపూర్ చేరి అక్కడ విమానం మారడం మనకు దగ్గర దారి, కాని రెండు ప్రయాణాలూ ఒకే టికెట్టు మీద ఉండాలి. విడివిడిగా కొంటే సామాను తీసుకుని మళ్లీ అప్పగించడానికి సింగపూర్ వీసా తీసుకుని బయటికి రావలసి వస్తుంది.

మే నుంచి అక్టోబరు వరకు ఫిజీలో పొడి కాలం. నవంబరు నుంచి ఏప్రిల్ వరకు తుఫానుల కాలం. 2016 ఫిబ్రవరిలో విన్‌స్టన్ తుఫాను ఊళ్లకు ఊళ్లనే నేలమట్టం చేసింది. 2018 అక్టోబరులో తిత్లీని పలాస తోటల మీద చూసినవాళ్లం కనుక మనకు ఇంతకంటే చెప్పనక్కరలేదు. జూలైలో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ బడి సెలవుల రద్దీ వల్ల ధరలు పెరుగుతాయి కాబట్టి మే లేదా అక్టోబరు ఎంచుకోవడం మేలు.

ఇక సంచుల విషయం. జంట ప్రయాణాల్లో తగవులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి కనుక దీనికి కొంత సమయం ఇవ్వండి. ఒక్కొక్కరి బ్యాక్‌ప్యాక్ ఎనిమిది కిలోలు దాటకూడదు. పేస్టు, మందులు, ఛార్జరు, సబ్బు, దోమల మందు వంటివి ఇద్దరికీ కలిపి ఒక్కటే పెట్టుకోవాలి. పాస్‌పోర్టులు, బ్యాంకు కార్డులు, నగదు మాత్రం ఎవరివి వారి దగ్గరే ఉండాలి, టికెట్ల నకళ్లు ఇద్దరి ఫోన్లలోనూ ఉండాలి. అన్నీ ఒకరి చేతిలో పెట్టి రెండోవారు నిశ్చింతగా నడిచే అలవాటు మన ఇళ్లలో ఉన్నదే. ఆ ఒక్క సంచి పడవలో తడిసినా, బస్సులో మరచిపోయినా ఇద్దరూ ఒకేసారి చిక్కుల్లో పడతారు. ఒక జత బట్టలు ఎదుటివారి సంచిలో పెట్టడం కూడా ఇందుకే. మొదటిసారి మేము ఇవేవీ పాటించలేదు. మూడో రోజుకే సగం సామాను ఒక బసలో వదిలి వెళ్లవలసి వచ్చింది.

పొందూరు ఖద్దరు తువ్వాళ్లు రెండు పెట్టుకోండి, ఉప్పుగాలిలో కూడా తొందరగా ఆరతాయి. ఒక లుంగీ కూడా తప్పనిసరి, ఎందుకో తరువాత చెబుతాను. సంచి లోపల మందమైన ప్లాస్టిక్ కవరు వేసి అందులో బట్టలు సర్దాలి. అక్కడి ప్లగ్గు ఆస్ట్రేలియా తరహాది, పిన్నులు ఏటవాలుగా ఉంటాయి కనుక అడాప్టరు కావాలి. ఆవకాయ జాడీ ఇంట్లోనే ఉంచండి. పచ్చి పండ్లు, గింజలు, తేనె, పాల పదార్థాల మీద అక్కడ తనిఖీ కఠినం. తినే వస్తువు ఏది తీసుకెళ్లినా డిక్లరేషన్ పత్రంలో రాయడమే క్షేమం. మామిడికాయ పచ్చడి అక్కడి భారతీయుల ఇళ్లలో కూడా పడతారు, మీరు బెంగపడనక్కరలేదు.

బయలుదేరడానికి నెల ముందు ఒక ఆదివారం సంచులు పూర్తిగా నింపి సాలిహుండం కొండ ఎక్కి దిగి, అక్కడి నుంచి కళింగపట్నం తీరం దాకా నడవండి. విజయనగరం వారికి రామతీర్థం బోడికొండ మెట్లు పనికివస్తాయి. దారిలో ఎవరు ముందు అలసిపోతారో, ఎవరికి ఆకలి వేస్తే కోపం వస్తుందో ఆ ఒక్క పూటలో తేలిపోతుంది. ఫిజీలో రోజుకు ఎంత నడవాలన్నది అలసిపోయేవారి లెక్క ప్రకారమే నిర్ణయించుకోవాలి.

విమానం దిగే ఊరిని పటంలో నాడి అని రాసినా, పలకడం మాత్రం ‘నంది’. ఆ భాషలో డి ముందు నకారం, బి ముందు మకారం దానంతట అదే పలుకుతుంది. సి అక్షరానికి ద లాంటి ధ్వని, జి అక్షరానికి ంగ లాంటి ధ్వని ఉంటాయి. అందువల్ల ఇంగ్లిషు అక్షరాల్లో అబాకా అని కనిపించే ఊరు అడిగేటప్పుడు ‘అంబాద’ అవుతుంది, సిగటోక ‘సింగతోక’ అవుతుంది. బస్సు డ్రైవరును దారి అడిగేటప్పుడు ఈ సంగతి చాలా పనికివస్తుంది. మన లిపిలో రాసుకుంటే ఇంగ్లిషు కంటే సరిగ్గా కుదురుతుంది కూడా.

ముందుగా దీవులకు, తరువాత పల్లెసీమలకు వెళ్లే క్రమం మంచిది. యసావా దీవులకు నాడి పక్కనున్న డెనరావు రేవు నుంచి ఉదయం పూట ఒక పెద్ద పడవ బయలుదేరి, ఉత్తరాన ఉన్న దీవుల దాకా వెళ్లి అదే రోజు తిరిగి వస్తుంది. చాలాచోట్ల జెట్టీ ఉండదు. బస నుంచి చిన్న పడవ వచ్చి నడిసముద్రంలోనే మనుషులను, సంచులను దించుకుంటుంది. ప్లాస్టిక్ కవరు విలువ అప్పుడే తెలుస్తుంది. ఆ దీవుల్లో ఏటీఎంలు దొరకవు, కనుక నగదు నాడిలోనే తీసుకోవాలి. ఫిజీ డాలరు మన నలభై రూపాయలకు కొంచెం అటూ ఇటూగా ఉంటుంది. భోజనం ఖర్చు తప్పనిసరిగా కలిపే బసలే అక్కడ ఎక్కువ. కాబట్టి గది అద్దె ఒక్కటే చూడకుండా, డార్మిటరీలో రెండు మంచాలకు, చిన్న కుటీరానికి భోజనంతో సహా ఎంతవుతుందో పోల్చి చూడాలి. రెండింటికీ తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. అయిదు రోజుల్లో రెండు దీవులకు మించి మారవద్దు. పగడపు దిబ్బ మీద కాలు గీసుకుంటే వెంటనే శుభ్రంగా కడిగి మందు రాయాలి, ఆ గాయాలు తేలికగా చీము పడతాయి. ఫిజీలో మలేరియా లేదు కాని డెంగీ ఉంది.

వీతి లేవు చుట్టూ తిరగడానికి బస్సే ఉత్తమ సాధనం. టికెట్టుకు ముందే కార్డు కొని డబ్బు నింపుకోవడం మేలు. క్వీన్స్ రోడ్డు మీద సముద్రాన్ని, చెరకు తోటలను, కొబ్బరి తోపులను చూస్తూ పోతే సింగతోక దగ్గర ఇసుక కొండలు వస్తాయి. 1989లో ఆ దేశం మొదటి జాతీయ ఉద్యానంగా ప్రకటించింది వీటినే. రెండున్నర వేల ఏళ్ల నాటి కుండపెంకులు అక్కడి ఇసుకలో బయటపడ్డాయి. ఎండ ముదరకముందే నడక ముగించండి. కొండ గ్రామం చూడాలంటే లౌతోక పట్టణం పైన ఉన్న అంబాద నుంచి బతిలాము శిఖరానికి వెళ్లే కాలిబాట మంచిది.

ఏ గ్రామంలోకి వెళ్లినా ముందు పెద్దకు యంగోన వేరు కట్ట సమర్పించాలి. దీన్ని సేవుసేవు అంటారు, ఆ వేరును మనం కావా అనే పేరుతో విని ఉంటాం. నాడి బజారులో అరకిలో కట్ట కొనుక్కుని వెంట ఉంచుకోవాలి. ఊళ్లో టోపీ, నల్ల కళ్లద్దాలు తీసివేయాలి, సంచిని భుజం నుంచి దించి చేత్తో పట్టుకోవాలి, ఎవరి తలనూ, పిల్లల తలనైనా సరే, తాకకూడదు. మోకాళ్లు, భుజాలు కప్పుకోవాలి; అక్కడి స్త్రీపురుషులు కట్టే సులు మన లుంగీయే కనుక ఇద్దరిలో ఎవరికి అవసరమైతే వారు చుట్టుకోవచ్చు. చిప్పలో కావా ఇచ్చినప్పుడు ఒకసారి చప్పట్లు కొట్టి, బులా అని, గుక్క తిప్పకుండా తాగి, మళ్లీ మూడుసార్లు చప్పట్లు కొట్టాలి. బురదనీటి రుచి, నాలుక మొద్దుబారుతుంది, ముఖం చిట్లించకండి. ఆదివారం గ్రామాలకు వెళ్లవద్దు, ఆ రోజు చర్చి, విశ్రాంతి తప్ప వేరే పని ఉండదు.

చివరి రెండు రాత్రులు తప్పక నాడిలోనే ఉంచుకోండి, ఎందుకంటే సముద్రం రేగి పడవలు ఆగిపోతే మిగతా రోజులన్నీ వెనక్కి జరుగుతాయి. ఆ రెండు రోజులు మనవాళ్లకు వృథా కావు. 1879 నుంచి 1916 వరకు అరవై వేల మందికి పైగా భారతీయులను చెరకు తోటల పనికి గిర్మిట్ అనే కూలి ఒప్పందం మీద ఫిజీకి తరలించారు. 1903 నుంచి మద్రాసు రేవు మీదుగా వెళ్లినవారిలో తెలుగువారు ఎందరో, వారిలో విశాఖపట్నం జిల్లా వారూ ఉన్నారు. విజయనగరం అప్పట్లో ఆ జిల్లాలోదే. 1926లో నాడిలో ఏర్పడిన దక్షిణ భారతీయుల సంస్థ ‘సంగం’ తమ పిల్లల కోసం బడులు పెట్టింది. ఊరి చివరి సుబ్రహ్మణ్య స్వామి గుడి దగ్గర పెద్దవాళ్లతో మాట కలిపితే, తమ తాతలది ‘విజాగపటం’ అని మాత్రమే తెలిసినవారు కనిపించవచ్చు. ఊరు వెతికిపెట్టమని ఎవరైనా అడిగితే తొందరపడి మాట ఇవ్వకండి. సువాలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో నాటి వలస పాసులు ఉన్నాయి, వాటిలో జిల్లా, తాలూకా, గ్రామం, తండ్రి పేరు రాసి ఉంటాయి. ఆ పాసు నకలు తెప్పించుకోమని వారికి చెప్పి, అందులోని ఇంగ్లిషు స్పెల్లింగును ఉన్నది ఉన్నట్టుగా ఎక్కించుకుని రండి. తాలూకా పేరు తప్పనిసరిగా రాసుకోవాలి, ఎందుకంటే ‘వలస’, ‘పేట’ అని ముగిసే ఊళ్లు ఒకే పేరుతో మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి.