బరువు తగ్గట్లేదా? వారం సగటు తీసి చూడండి

నోరు కట్టుకుని, చెమటోడ్చి వ్యాయామం చేస్తున్నా బరువు మిషన్ మీద అంకె కదలకపోతే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ కోపంలో తిండి ఇంకా తగ్గించేయకండి. ముందు బరువు చూసే పద్ధతి మార్చండి.

వారానికి అరకిలో కొవ్వు కరిగితే అది మంచి వేగమే. అంటే రోజుకు సుమారు 70 గ్రాములు. కానీ ఒంట్లో నీరు ఒక్క రోజులోనే కిలో, ఒక్కోసారి రెండు కిలోల దాకా అటూ ఇటూ అవుతుంది. రాత్రి ఉప్పు ఎక్కువైనా, కొత్త వ్యాయామంతో కండరాలు పట్టేసినా, నెలసరి దగ్గరపడినా నీరు నిలుస్తుంది. ఆ కిలో మాటున మీ 70 గ్రాములు ఎలా కనపడతాయి?

అందుకే రోజూ పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, మంచినీళ్లు కూడా తాగకముందే బరువు చూసి రాసుకోండి. ఏడు రోజులవీ కూడి ఏడుతో భాగించండి. ఈ వారం సగటును పోయిన వారం సగటుతో పోల్చండి. సోమవారం 78.4, శుక్రవారం 79.1 చూసి డీలా పడిపోతాం. తీరా సగటు తీస్తే 78.9 నుంచి 78.5కి దిగి ఉండొచ్చు! ఆడవాళ్లు పోయిన నెల ఇవే రోజులతో పోల్చుకుంటే ఇంకా నయం. బొడ్డు దగ్గర టేపు కొలత కూడా వారానికోసారి రాసుకోండి.

నాలుగు వారాలైనా సగటు కదలకపోతే, అప్పుడు వంటలో పడే నూనె, మధ్యమధ్యలో నోట్లో వేసుకునేవి కొలిచి చూడండి. అవీ సరిగ్గానే ఉండి, బాగా నీరసం, జుట్టు రాలడం, చలి తట్టుకోలేకపోవడం లాంటివి ఉంటే థైరాయిడ్ పరీక్ష గురించి డాక్టర్‌ని అడగండి.