ఐప్పసి వానలకు ముందు పెరటికోళ్ల సంగతి

చెన్నైలో కోళ్లు పెంచేవాళ్లకు ఎండాకాలం కన్నా అక్టోబర్ మూడో వారం నుంచి, అంటే తమిళుల ఐప్పసి నెల నుంచి, పట్టుకునే వానలే పెద్ద గండం. ఏడాది వానలో సగానికి పైగా అప్పట్నుంచి డిసెంబర్ ఆఖరు లోపే కురిసేస్తుంది. తడిస్తే కోడికి జబ్బు చేస్తుందని అందరికీ తెలుసు. కానీ రోజంతా పెరట్లో తిరిగే కోళ్లను నాలుగు రోజులు గూట్లో మూసిపెడితే వాటి గుణమే మారిపోతుంది. ఆ సంగతి మాకు దెబ్బ తిన్నాకే తెలిసింది.

ముందు పుంజుల లెక్క తేల్చండి. ఎనిమిది, పది పెట్టలకు ఒక పుంజు చాలు. మా ఇంట్లో ఒకే గంప కింద పెరిగిన రెండు పుంజులుండేవి. బయటున్నన్నాళ్లూ ఒకటి మునగచెట్టు కింద, ఒకటి బాత్రూం వెనక, హద్దులు పంచుకుని బతికాయి. ముసురు పట్టి లోపల పెట్టిన రెండో రోజు పొద్దున తలుపు తీస్తే చిన్నదాని జుట్టంతా నెత్తురు, ఒక కన్ను మూసుకుపోయింది. దసరా లోపే దాన్ని ఎవరికైనా ఇచ్చేయాల్సింది. కూత బాగుందని మురిసిపోయి ఉంచుకున్నాను. పుంజును మార్చుకునేవాళ్లు ఇంకోటి గుర్తుపెట్టుకోండి. పాత పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు నిలిచి ఉంటుంది. కొత్త పుంజు పిల్లలే కావాలంటే మూడు వారాలు ఆగాకే పొదిగేయడానికి గుడ్లు దాచాలి.

రాత్రి పడుకోవడానికి కోడికి రెండు చదరపు అడుగులు చాలు. పగలు కూడా లోపలే అంటే నాలుగైనా కావాలి. అంత చోటు లేకపోతే వాటికి ఏదో ఒక పని పెట్టండి. తోటకూర కట్టను తాడుకు కట్టి, మెడ చాచితే అందేంత ఎత్తులో వేలాడదీస్తే పక్కదాని తోకను వదిలేస్తాయి. నెత్తురు కనిపించిన కోడిని మాత్రం వెంటనే విడిగా పెట్టండి. ఎర్రటి మచ్చ కనిపిస్తే మిగతావన్నీ అక్కడే పొడుస్తాయి.

ఇక పొదుగు. వానల్లో పిల్లలు దిగకుండా చూసుకోవడమే అన్నిటికన్నా ముఖ్యం. అక్టోబర్ 10న గుడ్లు పెడితే 21 రోజులకు, అంటే సరిగ్గా వానల నడుమ, పిల్లలు దిగుతాయి. తడి నేల మీద మూడు నుంచి ఆరు వారాల పిల్లలకు రక్తపు రెట్టలు పట్టుకుంటాయి. గంపెడు పిల్లల్లో రెండో మూడో మిగులుతాయి. పొదిగేయాలనుకుంటే ఆగస్టు మొదట్లోనే పెట్టండి, లేదంటే సంక్రాంతి దాకా ఆగండి.

ఆగమంటే పెట్ట వింటుందా? మా ఎర్రపెట్ట ఖాళీ గూట్లోనే కూర్చుని, చెయ్యి పెడితే ఈకలు ఉబ్బించి గుర్రుమనేది. పక్కింటి అరవ ఆవిడ చూసి “అడైక్కోళి” (పొదిగే పెట్ట) అని నవ్వి, ఆ యావ పోవడానికి ముక్కులో ఈక గుచ్చమంది. మా ఊళ్లోనూ అదే చేసేవాళ్లు. దయచేసి చెయ్యకండి. నీళ్లలో ముంచడమూ వద్దు, ఈ వానల్లో అసలే వద్దు. అడుగున కూడా వైరు జాలీయే ఉన్న పంజరాన్ని నాలుగు ఇటుకల మీద ఎత్తిపెట్టి, మేత, నీళ్లు ఇచ్చి అందులో ఉంచండి. పొట్ట కిందికి చల్లగాలి తగిలితే మూడు నాలుగు రోజుల్లో దాని పట్టు సడలుతుంది. ఎర్రపెట్టకు మాత్రం ఐదు రోజులు పట్టింది, మొండిది.

గూట్లో పరిచిన ఊకను గుప్పెడు తీసి గట్టిగా పిసకండి. విడిచాక ముద్దగా నిలిస్తే తడి చేరినట్టే, మార్చేయాలి. పందికొక్కులు దూరే సందులు మూయండి.

కొక్కెర తెగులు (రాణిఖేత్) టీకా వానలకు రెండు మూడు వారాల ముందే పడాలి. నీళ్లలో కలిపి ఇచ్చే రకమైతే కుళాయిలో వచ్చే మెట్రో వాటర్ తిన్నగా వాడొద్దు, అందులోని క్లోరిన్ టీకాను చంపేస్తుంది. కాచి చల్లార్చిన నీళ్లలో కొంచెం వెన్న తీసిన పాలపొడి కలిపి, టీకా వేసి, రెండు గంటల్లో తాగేలా ఇవ్వండి. మోతాదు పశువుల డాక్టర్‌ని అడగండి.

2023 డిసెంబర్‌లో మిచౌంగ్ తుపానుకు మా వీధిలో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. చీకట్లో కోళ్లను ఒక్కొక్కటిగా చంకన పెట్టుకుని మేడ మీదికి మోశాం. అప్పట్నుంచి రెండు టమాటా క్రేట్లు, మూతకు జాలీ ముక్కలు మెట్ల కింద సిద్ధంగా ఉంటాయి. క్రేటుకు నాలుగు పెట్టలు పడతాయి. పుంజుకు మాత్రం విడిగా గంప.