కుట్టు మిషన్ పక్కన బీపీ మిషన్

తిరుపతి కొర్లగుంటలో ఇరవై రెండేళ్లుగా జాకెట్లు కుడుతున్నాను. గంగమ్మ జాతర ముందు, మూఢం పోయి పెళ్లిళ్లు మొదలయ్యాక, మెడలోంచి టేపు తీసే తీరికే ఉండదు. నా కొలతల పుస్తకంలో ఛాతీ, నడుము, చెయ్యి, మెడ లోతు పక్కన మూడేళ్లుగా ఇంకో గడి గీస్తున్నాను. అది బీపీది.

మా అమ్మ పోయాక మొదలుపెట్టాను. నాయనకు బీపీ అని నెలనెలా వెంటబెట్టుకుని వెళ్లి చూపించేది. తన చేతికి మాత్రం ఒక్కసారి కూడా పట్టీ కట్టించుకోలేదు. ఒక సాయంత్రం వీపు మధ్యలో పట్టేసినట్టుంది, కడుపులో తిప్పుతోంది అంది. గ్యాస్ అనుకుని సోడా తాగి పడుకుంది. చెమటకు జాకెట్టు వీపంతా తడిసిపోయింది. ఆ జాకెట్టు నేను కుట్టిందే. తెల్లారి తీసుకెళ్తే గుండెపోటు అన్నారు. బీపీ ఎప్పటినుంచి ఉందని డాక్టర్ అడిగితే మాలో ఒక్కరికీ తెలియదు. నాలుగో రోజు పోయింది. అప్పటికి ఆమెకు 54 ఏళ్లు.

బీపీ ఉంటే తల తిరుగుతుంది కదా, తెలిసిపోతుంది కదా అంటారు. చాలామందికి ఏమీ తెలియదు. కొలిస్తేనే బయటపడుతుంది. కాబట్టి ఎలా కొలుచుకోవాలో చెప్తాను.

మిషన్ కొనేటప్పుడు మణికట్టుకు కట్టేది వద్దు, దండచేతికి కట్టేది తీసుకోండి. అంతకుముందు టేపుతో దండచెయ్యి చుట్టూ కొలుచుకోండి. మామూలు పట్టీ చాలావరకు 22 నుంచి 32 సెంటీమీటర్ల చేతికే, అంటే దాదాపు పన్నెండున్నర అంగుళాల వరకే సరిపోతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో పద్నాలుగు అంగుళాల చేతులు బోలెడు. అలాంటి చేతికి చిన్న పట్టీ కడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. పెద్ద పట్టీ కావాలని అడగండి.

తర్వాత జాకెట్టు సంగతి. బిగుతు చేతిని పైకి మడిచి పట్టీ కడితే ఆ మడతే తాడులా బిగుసుకుంటుంది. బట్ట మీద కట్టినా లెక్క తప్పుతుంది. ఒక చెయ్యి జాకెట్టులోంచి తీసేసి కొంగు కప్పుకోండి, లేదా వదులు చేతుల నైటీలో కూర్చోండి. పట్టీ అంచు మోచేతి మడతకు కాస్త పైన ఉండాలి, లోపలికి రెండు వేళ్లు దూరాలి.

అరగంట ముందు నుంచి కాఫీ, టీ తాగకూడదు. బాత్‌రూమ్‌కు వెళ్లి వచ్చి, కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. చెయ్యి టేబుల్ మీద, పట్టీ గుండె ఎత్తులో ఉండాలి. మాట్లాడకూడదు. నా దగ్గర ఎక్కువమంది తప్పేది ఇక్కడే. పట్టీ ఉబ్బుతుండగానే కొడుకు ఉద్యోగం గురించి ఎత్తుకుంటారు, అంకె పైకి పోతుంది. నిమిషం ఆగి రెండోసారి కొలవండి.

పొద్దున టిఫిన్‌కు, మాత్రకు ముందు, రాత్రి భోంచేయకముందు ఇలా ఏడు రోజులు రాసుకోండి. మొదటి రోజుది వదిలేసి మిగతావాటి సగటు తీయండి. 135/85 గానీ అంతకు పైన గానీ వస్తే ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఆసుపత్రిలో కొలిస్తే 140/90 నుంచి ఎక్కువ కింద లెక్క. ఒక్క పూట పెరిగిందని టెన్షన్ పడొద్దు. మిషన్ కొనలేకపోతే ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో 30 ఏళ్లు దాటినవాళ్లకు ఊరికే చూస్తారు.

డాక్టర్ అడగకపోయినా మీరు చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పుడు బీపీ గానీ షుగర్ గానీ వచ్చిందా, నెలసరి తొందరగా ఆగిపోయిందా, చిన్న వయసులోనే అండాశయాలు తీయించుకున్నారా. కాన్పు అవగానే ఆ బీపీ సంగతి అందరూ మర్చిపోతారు. గుండెకు ముప్పు మాత్రం తర్వాత కూడా ఉంటుంది. నడుము నొప్పికి రోజూ కొనుక్కుని మింగే నొప్పి మాత్రలు కూడా బీపీని పెంచుతాయి. మా కుట్టుపనిలో ఇది చాలా మందికి అలవాటు, అందుకే గట్టిగా చెప్తున్నాను.

ఉప్పు మనిషికి రోజుకు ఒక టీ స్పూను, అంటే 5 గ్రాములు దాటకూడదు. ప్యాకెట్ విప్పిన రోజున దాని మీదే తారీఖు రాయండి. నలుగురున్న ఇంట్లో కిలో ప్యాకెట్ 50 రోజులైనా రావాలి. ఊరగాయలు, అప్పడాలు, ఊరమిరపకాయల ఉప్పు కూడా ఇందులోకే వస్తుంది కాబట్టి, నిజానికి ఇంకా ఎక్కువ రోజులు రావాలి.

"బిళ్ల మొదలుపెడితే బతికినన్నాళ్లూ వేసుకోవాలంట కదక్కా" అని ఒకామె మూడు నెలలకే మానేసింది. అంకె తగ్గింది ఆ బిళ్ల వల్లే. డాక్టర్‌ని అడగకుండా మానొద్దు.

అలిపిరి మెట్లు ఎక్కుతాను, నాకేమీ లేదు అనేవాళ్లూ ఉన్నారు. పోయినేడు గాలిగోపురం దాకా సులువుగా ఎక్కినవాళ్లకు ఈసారి మొదట్లోనే ఆయాసం వస్తే, వయసు అనుకుని వదిలేయొద్దు.

ఛాతీలో బరువు, దవడకో వీపుకో చేతికో పాకే నొప్పి, ఆయాసం, వాంతి వచ్చేట్టుండడం, చల్లటి చెమట, ఎన్నడూ లేని నీరసం. వీటిలో ఏది ఉన్నట్టుండి వచ్చినా సోడా కోసం, తెల్లారడం కోసం చూడకండి. 108కి ఫోన్ చేసి, తలుపు గడియ తీసి పెట్టండి. బీపీ రాసిన కాగితం, వేసుకునే మాత్రల అట్టలు ఒక కవర్లో వేసి, వెంట వచ్చేవాళ్ల చేతికివ్వండి.