షాప్ పెట్టే ముందు జీఎస్టీ లిమిట్ లెక్క చూసుకోవడం ఎలా

విజయవాడలో బట్టల షాప్ పెడితే ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితేనే జీఎస్టీ రిజిస్ట్రేషన్, అదే షాప్ హైదరాబాద్‌లో పెడితే 20 లక్షలు దాటగానే తీసుకోవాలి. 2019లో సరుకు అమ్మేవాళ్ళకి లిమిట్ పెంచినప్పుడు జీఎస్టీ కౌన్సిల్ ఆ నిర్ణయం రాష్ట్రాలకే వదిలేసింది, ఆంధ్రా 40 తీసుకుంది, తెలంగాణ 20 దగ్గరే ఆగింది. చిన్న షాపులవాళ్ళకి ఇది అన్యాయం అనే నేనంటాను, తెలంగాణ కూడా పెంచాలి. పెంచేదాకా మాత్రం ఉన్న రూల్ చూసుకునే షాప్ తెరవాలి.

ముందు టర్నోవర్ లెక్కేసుకోండి, లాభం కాదు, మొత్తం అమ్మకం. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రోజుకి 6 వేల అమ్మకం అంటే చిన్న షాపే కదా అనిపిస్తుంది కానీ ఏడాదికి దాదాపు 22 లక్షలు, అంటే హైదరాబాద్‌లో లిమిట్ దాటేసినట్టే. కిరాణాతో పాటు పన్ను లేని పాలు, కూరగాయలు అమ్మినా ఆ అమ్మకం కూడా కలుస్తుంది, ఒకే పాన్ మీద రెండు షాపులుంటే రెండూ కలిపే చూస్తారు.

ఆ 40 లక్షలు ఉత్త సరుకు అమ్మేవాళ్ళకే. చీరలు అమ్ముతూ బ్లౌజులు కూడా కుట్టిస్తే అది సర్వీస్, అప్పుడు విజయవాడలో కూడా 20 లక్షలే.

ఇంకోటి, పక్క రాష్ట్రానికి సరుకు పంపితే టర్నోవర్ ఎంత తక్కువున్నా రిజిస్ట్రేషన్ కావాలి, హస్తకళల వస్తువుల్లాంటి కొన్నిటికే మినహాయింపు. కోదాడ నుంచి జగ్గయ్యపేటకి పార్సిల్ పంపడం 2014 ముందు ఒకే రాష్ట్రంలో వ్యాపారం, ఇప్పుడు అంతర్రాష్ట్ర అమ్మకం.

లిమిట్ దాటితే భయపడక్కర్లేదు, కోటిన్నర టర్నోవర్ వరకు కాంపోజిషన్ స్కీమ్ ఉంది, షాపులవాళ్ళు అమ్మకం మీద 1 శాతం కడితే చాలు. కానీ ఆ పన్ను కస్టమర్ దగ్గర వసూలు చేయకూడదు, వేరే రాష్ట్రానికి సరుకు పంపకూడదు.

క్యాష్ తీసుకుంటే, క్యూఆర్ కోడ్ పీకేస్తే సరిపోతుంది అనేవాళ్ళ మాట వినకండి, క్యాష్ అమ్మకం కూడా టర్నోవర్‌లోకే వస్తుంది. 2025 జులైలో కర్ణాటకలో యూపీఐ లెక్కలు చూసి చిన్న వ్యాపారులకి నోటీసులిచ్చారు, వాళ్ళు గొడవ చేస్తే సిద్ధరామయ్య ప్రభుత్వం పాత బాకీల విషయంలో వెనక్కి తగ్గింది, అయినా ఇకమీదట రిజిస్ట్రేషన్ మాత్రం తీసుకోవాలంది. ప్రతిసారీ ప్రభుత్వం తగ్గుతుందని నమ్ముకోలేం కదా, అందుకే ఇంటి డబ్బులకి ఒక అకౌంట్, షాపుకి ఒకటి పెట్టుకోండి, కొన్న సరుకు బిల్లులు దాచుకోండి, ప్రతి నెలాఖరుకి ఏప్రిల్ నుంచి అయిన అమ్మకం కూడి చూడండి. లిమిట్ దాటిన రోజు నుంచి 30 రోజుల్లో రిజిస్ట్రేషన్‌కి అప్లై చేయాలి.